బాల్యం కథలో పీడకల: ఇంట్లో ఎవరూ పైకి అనని విషయాన్ని పిల్లవాడి నిద్రలోంచి చెప్పే పద్ధతి

బాల్యం మీద రాసే కథల్లో కల చాలాసార్లు అలంకారంగానే మిగిలిపోతుంది. మధ్యలో ఎక్కడో పిల్లవాడు నిద్రపోతాడు, నల్లటి ఆకారమేదో తరుముతుంది, చెమటలు పట్టి లేస్తాడు, కథ మళ్ళీ తన దారిన తాను నడుస్తుంది. ఆ పేరా మొత్తం కొట్టేసినా కథకు లోటేమీ ఉండదు.

కలకు కథలో అప్పగించాల్సిన పని వేరే ఉంది. ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళు పిల్లల ముందు ఎత్తని విషయం ఏదో ఉంటుంది. అప్పు కావచ్చు, పోయిన పని కావచ్చు, జబ్బు కావచ్చు, అలిగి పుట్టింట్లో ఉండిపోయిన అమ్మ కావచ్చు. పిల్లవాడికి విషయం తెలియదు, కానీ దాని ఆనవాళ్ళు రోజూ అతని కళ్ళముందే తిరుగుతుంటాయి. అవి నిద్రలో ఒకచోట చేరి ఒక బొమ్మ కడతాయి. ఆ బొమ్మ చూసిన పాఠకుడికి పిల్లవాడికంటే ముందే సంగతి అర్థమవుతుంది. కింద చెప్పిన మెట్లన్నీ ఈ ఒక్క ప్రయోజనం కోసమే. విశాఖపట్నం వన్ టౌన్‌లో జరిగే 1,800 మాటల కథ ఒకటి ఉదాహరణగా పెట్టుకుని, మొదటినుంచీ కట్టుకుంటూ వెళదాం.

ముందు కొలతలు

1,800 మాటల కథలో కలకు 180 మాటల లోపు చాలు. 200 దాటితే పాఠకుడు పేరా దాటేసి కిందికి వెళ్ళిపోతాడు. కలలో ఏమైనా జరగొచ్చు కాబట్టి ఏం జరిగినా అతనికి పెద్ద పట్టింపు ఉండదు. అందుకే ఆ ఓపిక చాలా తక్కువ. కథకు ఒక కల. రెండోది తప్పదనుకుంటే దాన్ని 40, 50 మాటల్లో ముగించాలి, అందులో మొదటి కలకు ఒకే ఒక్క తేడా ఉండాలి. అదే కల అచ్చంగా మళ్ళీ వచ్చిందని రాస్తే కథ ఆగిపోయినట్టే.

1. దాచిన విషయాన్ని ఒక్క వాక్యంలో పెట్టుకోండి

కలతో మొదలుపెట్టకండి. బొమ్మ ఎంత అందంగా తోచినా పక్కన పెట్టి, ముందు ఈ వాక్యం రాయండి: ఎవరు, ఏం, ఎవరికి తెలియకుండా దాస్తున్నారు. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది.

"పోర్టులో కళాసీగా చేసే నాన్నకు పని పోయి మూడు వారాలైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరుతున్నాడు, సాయంత్రం వస్తున్నాడు."

దీని కింద పిల్లవాడి కంటపడగల ఆనవాళ్ళు రాసుకోండి. ఆరేడు వచ్చేదాకా ఆపొద్దు. క్యారేజీలో అన్నం మిగిలి వస్తోంది. వచ్చీ రాగానే స్నానానికి వేణ్నీళ్ళు అడగడం లేదు. ఆదివారం చేపలు రావడం లేదు. మేస్త్రీ గురించి నాన్న చెప్పే కబుర్లు ఆగిపోయాయి. నాన్న కాలివేళ్ళ సందుల్లో బొగ్గు నలుపు కనిపించడం లేదు.

ఈ జాబితాలో "అమ్మానాన్న గుసగుసగా మాట్లాడుకుంటే విన్నాడు" అని ఉంటే కొట్టేయండి. గోడ చాటున వినేస్తే విషయం తెలిసిపోయినట్టే, ఇక కలకు చెప్పడానికి ఏమీ మిగలదు. తెలుగు కథల్లో ఈ చాటుగా వినడం ఎంత అలవాటైపోయిందంటే, రాస్తున్నప్పుడు చేయి దానంతట అదే అటు పోతుంది. ఆపుకోవాలి.

మిగిలినవాటిలో ఏది ఎంచుకోవాలి? చూడగానే అర్థం కానిది, కానీ రోజూ కంటబడేది. చేపలు రాకపోవడం డబ్బు కష్టాన్ని నేరుగా చెప్పేస్తుంది. కాలివేళ్ళ సందులు శుభ్రంగా ఉండటం అలా చెప్పదు. పైగా శుభ్రం మంచిదే కదా అని ఎనిమిదేళ్ళవాడు అనుకుంటాడు. మంచిగా కనిపించేది కీడుకు గుర్తు కావడం కథకు చాలా బలం.

2. పిల్లవాడి వయసు తేల్చండి

వయసు తేలకుండా కల రాయడం వల్ల జరిగే పొరపాట్లే ఎక్కువ. నిద్ర ప్రయోగశాలల్లో పిల్లలను లేపి అడిగి చేసిన పరిశోధనల్లో తేలింది ఇది: మూడు నుంచి అయిదేళ్ళ మధ్య పిల్లలు చాలాసార్లు కలేమీ చెప్పరు. చెప్పినా అది కదలిక లేని చిన్న దృశ్యం, తరచుగా ఏదో జంతువు. అందులో తాను ఏదో చేస్తున్నట్టు ఉండదు. అయిదు దాటాక కదలిక వస్తుంది. తానే పాత్రగా మారి నడవడం, పిలవడం, ఎదురు తిరగడం ఏడెనిమిదేళ్ళ దగ్గర గట్టిపడుతుంది.

అంటే నాలుగేళ్ళ పాపకు మూడు మలుపుల కల రాస్తే అది పాప కల కాదు, రచయిత కల. ఆ వయసుకు ఒకే దృశ్యం చాలు: మంచం పక్కన మేక నిలబడి ఉంది, అంతే. ఎనిమిదేళ్ళవాడు కలలో ఒక పని చేయబోయి విఫలం కావచ్చు. పదకొండేళ్ళకైతే కలలోనే "ఇది కల కాదు కదా" అనే అనుమానం కూడా పెట్టొచ్చు. మన కథకు ఎనిమిదేళ్ళు సరిపోతాయి. అతని పేరు సింహాద్రి అనుకుందాం, ఈ ఊళ్ళో ఇంటికొకరుంటారు.

3. వస్తువును ఎంచుకోండి, సముద్రాన్ని కాదు

విశాఖ అనగానే అలలు, ఓడ, డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వరస కడతాయి. మొదట తోచినవన్నీ ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం పక్కన పడేయండి. సముద్రం మీద పాఠకుడి మనసులో ఇప్పటికే వంద అర్థాలు పేరుకుని ఉన్నాయి, మీ పిల్లవాడి అర్థానికి అక్కడ చోటు దొరకదు. ఒక్క మినహాయింపు ఉంది. పిల్లవాడు పెదజాలారిపేట లాంటి చోట పెరుగుతుంటే సముద్రం అతనికి దృశ్యం కాదు, నాన్న వేటకెళ్ళే చోటు. అక్కడ కూడా నీళ్ళకంటే వల, తెప్ప, ఐసు పెట్టె మెరుగు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంట్లోనే ఉండే నాన్న, ఇసుకలో ఖాళీగా పడి ఉన్న పడవ, ఎండిపోయిన ఐసు పెట్టెలో దాక్కునే పిల్లలు. ఆ కాలాన్ని ఇంకా ఎవరైనా బాగా రాయాల్సి ఉంది.

వస్తువుకు మూడు అర్హతలుండాలి. పిల్లవాడు దాన్ని రోజూ ముట్టుకోవాలి. దానితో ముడిపడిన పని ఒకటి ఉండాలి: తుడవడం, మోయడం, తొక్కడం. దాని గుణం ఒకటి కలలో మారడానికి వీలుండాలి.

వన్ టౌన్ ఇళ్ళకు అలాంటిది ఒకటుంది. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దించే, ఎక్కించే చోటు నుంచి గాలికి కొట్టుకొచ్చే నల్లటి నుసి. కిటికీ గట్టు మీద, ఆరేసిన బట్టల మీద, గచ్చు మీద పడుతుంది. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ పడుతుంది. చెప్పుల్లేకుండా ఇంట్లో తిరిగితే అరికాళ్ళు నల్లబడతాయి. సింహాద్రి దీన్ని రోజూ తొక్కుతాడు, రోజూ తిట్లు తింటాడు. దాని గుణం ఏమిటి? అడుగు వేస్తే గుర్తు పడుతుంది. కలలో మారేది అదే.

కొండవాలు పేటల్లో జరిగే కథైతే మెట్లు, మోసుకెళ్ళే నీళ్ళ బిందె పనికొస్తాయి. కంచరపాలెం అయితే రైలు పట్టాల చప్పుడు. పిల్లలను విహారానికి తీసుకెళ్ళే కురుసుర జలాంతర్గామి లోపలి ఇరుకు తలుపులు పీడకలకు బాగుంటాయి, కానీ అది బీచ్ రోడ్డులో ప్రదర్శనశాలగా మారింది 2002లో. 1990ల నాటి బాల్యం రాస్తూ దాన్ని పెడితే ఊరివాళ్ళు వెంటనే పట్టుకుంటారు. ఎంచుకున్న వస్తువు ఆ ఏడాదికి ఆ చోట ఉందా అన్నది ఇక్కడే సరిచూసుకోండి.

4. కలకంటే ముందు రెండుసార్లు నాటండి

కల పనిచేయాలంటే మారక ముందు ఆ వస్తువు ఎలా ఉంటుందో పాఠకుడికి తెలిసి ఉండాలి. అందుకే కథను కలతో మొదలుపెట్టకూడదు. పోల్చుకోవడానికి పగలే లేనప్పుడు ఆ వింత వింతగా కనిపించదు.

మొదటి ప్రస్తావన మొదటి 200 మాటల్లో రావాలి, అదీ వేరే విషయం మధ్య. అమ్మ తిడుతోంది: "కాళ్ళు కడుక్కోనేదేటిరా? ఇప్పుడే కదా తుడిసినాను, సూడు ఎన్ని అడుగులో!" ఇక్కడ నుసి కథావస్తువుగా కాక, తిట్టుకు కారణంగా మాత్రమే ఉంది. రెండోది 600 మాటల దగ్గర. నాన్న గుమ్మం దాటి లోపలికి వస్తాడు. సింహాద్రి గచ్చు మీద బోర్లా పడుకుని హోంవర్క్ రాస్తున్నాడు, కాబట్టి అతని కళ్ళకు అందేది నాన్న పాదాలే. వేళ్ళ సందులు తెల్లగా ఉన్నాయి. అమ్మ నాన్నను తిట్టలేదు. "నన్నే తిడతాది" అనుకుంటాడు సింహాద్రి. అక్కడితో ఆపండి. వ్యాఖ్య వద్దు, "ఎందుకో వింతగా అనిపించింది" అన్న ముక్క అసలే వద్దు. ఆ ముక్క రాసిన క్షణాన పాఠకుడు కాచుకుని కూర్చుంటాడు.

5. కల రాయడం

కల 900 మాటల దగ్గర, కథకు సరిగ్గా నడుమ వస్తే మంచిది. తర్వాత దాని ఫలితానికి సగం కథ మిగలాలి.

పద్ధతి ఇది. పిల్లవాడి ఇంటినే తీసుకోండి. అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి ఒక్క గుణం మార్చండి. దానికి లోబడి మిగతావాళ్ళంతా మామూలుగా ప్రవర్తించాలి. భయం పుట్టేది ఆ మామూలుతనంలోంచే, రాక్షసుడి వల్ల కాదు. ముందు, సాధారణంగా రాసే తీరు చూడండి:

"ఆ రాత్రి సింహాద్రికి ఒక భయంకరమైన కల వచ్చింది. అంతులేని చీకటి. ఎక్కడ చూసినా నల్లటి ధూళి మేఘాలు. ఆ శూన్యంలో నాన్న దూరంగా వెళ్ళిపోతున్నట్టు, తాను ఎంత పిలిచినా వినిపించుకోనట్టు అనిపించింది. గుండె ఆగిపోయినట్టయింది."

"భయంకరమైన" అన్నాక భయపడే పని పాఠకుడికి లేకుండా పోయింది. "అంతులేని చీకటి" ఏ ఊరికైనా, ఏ పిల్లవాడికైనా సరిపోతుంది. "శూన్యం" ఎనిమిదేళ్ళవాడి మాట కాదు. "వెళ్ళిపోతున్నట్టు, వినిపించుకోనట్టు, ఆగిపోయినట్టు" అని మూడు "అట్టు"లు పడేసరికి కల మనకూ దానికీ మధ్య తెర వేసుకుంది. కల చూస్తున్నవాడికి అది "అట్టు" కాదు, జరుగుతున్నదే.

ఇప్పుడు ఇదే కల, చెప్పిన పద్ధతిలో:

"మామ్మ గచ్చు తుడవలేదు. నుసి చీలమండల దాకా ఉంది. సింహాద్రి నడిస్తే అడుగు పడింది. అమ్మ నడిస్తే అడుగు పడింది. మామ్మ అడుగుల పక్కన కర్ర గుర్తు కూడా పడింది. నాన్న గుమ్మంలోంచి వచ్చాడు, గోడ దాకా వెళ్ళాడు, క్యారేజీ మేకుకు తగిలించాడు, తిరిగి వచ్చాడు. నుసి నున్నగా ఉంది. 'నానా, గట్టిగా తొక్కు' అన్నాడు సింహాద్రి. నాన్న గట్టిగా తొక్కాడు. 'తొక్కతన్నాను కదరా' అన్నాడు. పొయ్యి మీద అన్నం పొంగుతోంది. ఎవరూ దించడం లేదు. సింహాద్రి వంగి నాన్న పాదం రెండు చేతులతో పట్టుకుని నుసిలోకి నొక్కాడు. పాదం వెచ్చగానే ఉంది. చేయి తీసి చూస్తే తన వేళ్ళ గుర్తులు పది ఉన్నాయి. అమ్మ చీపురు తెచ్చి, 'ఎవుడేసినాడు ఈ గుర్తులు?' అంది."

ఇందులో "కల" అన్న మాట లేదు. నుసి చీలమండల దాకా ఉందన్న రెండో వాక్యంతోనే పాఠకుడికి తెలిసిపోతుంది. పైన ఒక వరుస ఖాళీ వదిలితే చాలు, మోసం చేయాల్సిన పని లేదు. వాక్యాలు చిన్నవి, ఎక్కువగా భూతకాలంలో. ఉపమానం ఒక్కటీ లేదు, ఎందుకంటే కలే పెద్ద ఉపమానం, దాని లోపల ఇంకొకటి ఇమడదు. "పాదం వెచ్చగానే ఉంది" అన్నది ముఖ్యమైన వాక్యం. అది లేకపోతే అడుగు పడకపోవడాన్ని మన పాఠకులు దయ్యం కథగా చదువుతారు, నాన్న చనిపోతాడని అనుకుంటారు. ప్రతి కలలోనూ ఇలా తప్పుదారి పట్టించగల అర్థం ఒకటి పొంచి ఉంటుంది. దాన్ని ఒక స్పర్శతోనో వాసనతోనో మూసేయాలి.

పొంగే అన్నానికి అర్థం వెతకొద్దు. కలలో సంబంధం లేని మామూలు వివరం ఒకటి ఉండాలి, అప్పుడే అది కలలా ఉంటుంది. రెండు పెడితే గందరగోళం.

6. ఏ వేళ వచ్చిన కల?

ఇక్కడ నిద్ర గురించి కొంత తెలిసి ఉండటం కథకు నేరుగా పనికొస్తుంది. కనుగుడ్లు వేగంగా కదిలే నిద్ర దశను 1953లో గుర్తించారు. బడి ఈడు పిల్లల్లో నిద్ర సుమారు 90 నిమిషాల వలయాలుగా సాగుతుంది. తెల్లవారే కొద్దీ ఆ దశ నిడివి పెరుగుతుంది. గుర్తుండే పీడకలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. తొమ్మిదింటికి పడుకున్న పిల్లవాడికి మూడుకో, నాలుగున్నరకో.

నిద్రలో బెదురు వేరు. అది గాఢనిద్రలోంచి, పడుకున్న మొదటి మూడు గంటల్లోపు వస్తుంది. పిల్లవాడు లేచి కూర్చుని కేకలు పెడతాడు, కళ్ళు తెరిచే ఉంటాయి, అమ్మను కూడా గుర్తుపట్టడు, పట్టుకుంటే తోసేస్తాడు. కొద్ది నిమిషాలకు తనంతట తానే పడుకుంటాడు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు.

రచయితలు ఈ రెంటినీ కలిపేస్తారు: రాత్రి పదింటికి కెవ్వున అరిచి, అమ్మను చుట్టుకుని, కలంతా పూసగుచ్చినట్టు చెప్పే పిల్లవాడు. అలా జరగడం అరుదు. మీ కథ కోరేదేమిటో చూసి ఎంచుకోండి. పిల్లవాడు ఆ బొమ్మను మోసుకుని తిరగాలంటే తెల్లవారుజాము పీడకల. పిల్లవాడికి తెలియకుండా పెద్దవాళ్ళే చూసి వణకాలంటే బెదురు. రెండోదాంట్లో కల లోపలికి మనం వెళ్ళకూడదు. అర్ధరాత్రి "దింపీ, దింపీ" అని అరిచాడని అమ్మ కళ్ళతోనే చెప్పాలి. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, కళ్ళు తెరిచినా కాలూ చేయీ కదలనట్టు ఉండేది ఇంకో స్థితి. అది పెద్దపిల్లలకు, యవ్వనంలోకి అడుగుపెట్టేవాళ్ళకు నప్పుతుంది.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. గుర్తుండే పీడకలలు ఎక్కువగా వచ్చేదీ ఆ వేళే. కాబట్టి మామ్మ ఉన్న ఇంట్లో పిల్లవాడి ప్రతి పీడకలా "నిజమయ్యే కల" జాబితాలో పడిపోతుంది. కథను ముందుకు నడిపే యంత్రం ఇక్కడుంది.

"ఏటిరా బావూ, కలొచ్చిందేటి?"
"మామ్మా, ఇప్పుడెంతైంది?"
"నాలుగున్నర. ఏటి?"
"నానెలిపోనాడా?"
"ఇంకా లెగనేదు. పడుకో."

సింహాద్రి కల చెప్పలేదు, గంట అడిగాడు. ఎందుకు అడిగాడో తెలుగు పాఠకుడికి ఒక్క మాట వివరించనక్కర్లేదు. పిల్లవాడు కల మొత్తం అమ్మకు వప్పజెప్పడం మాత్రం వద్దు. పాఠకుడు ఇప్పుడే చదివిన దాన్ని మళ్ళీ చదవాల్సి వస్తుంది.

7. పెద్దవాళ్ళు తప్పుగా అర్థం చెప్పనివ్వండి

పంచాంగాల్లో స్వప్నఫలాలుంటాయి. పళ్ళు ఊడితే కీడు, కలలో పెళ్ళి కనబడితే చెడు, చావు కనబడితే ఆయుష్షు అంటారు. ఇలా ముందే అర్థం ఖరారైన కలలను నేరుగా వాడితే పాఠకుడు ఫలితం చదివేసి కథ మూసేస్తాడు. వాటిని మామ్మ నోట పెట్టండి, అదీ పొరపాటుగా. పిల్లవాడు కలవరించాడని తెలిసి మామ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తుంది, ఆంజనేయ దండకం చదివిస్తుంది, దిండు కింద ఇనుప ముక్క పెడుతుంది. బడికెళ్ళే దారిలో ఏ చెట్టు కిందో జడుసుకున్నాడని తేలుస్తుంది. ఆవిడ ప్రేమలో లోపం లేదు, దిశ మాత్రం తప్పింది. జడుపు చెట్టు దగ్గర లేదు, గుమ్మం దాటి వచ్చే నాన్న పాదాల్లో ఉందని మనకు తెలుసు. మామ్మను మూఢురాలిగా చూపకండి. వెటకారం ధ్వనిస్తే ఈ దృశ్యం మొత్తం చచ్చిపోతుంది.

8. కల తర్వాత పిల్లవాడు ఒక పని చేయాలి

ప్రతీక పూర్తయ్యేది కలలో కాదు, మెలకువలో. పిల్లవాడు కలను నమ్మి, దాన్ని ఆపడానికి తన చేతికందే పని చేస్తాడు. ఆ పని చిన్నది కావాలి, ఆ వస్తువుతోనే కావాలి, పెద్దవాళ్ళ లోకంలో దానికి అతను ఊహించని ఫలితం ఉండాలి.

సింహాద్రి చీకటి ఉండగానే లేచి కిటికీ గట్టు మీది నుసి దోసిట్లోకి ఊడ్చి, నాన్న చెప్పుల్లో రుద్దుతాడు. అడుగులు పడాలి కదా. సాయంత్రం నాన్న వస్తాడు, చెమటకు నుసి పట్టి పాదాలు నల్లగా ఉన్నాయి. గచ్చు మీద అడుగులు పడ్డాయి. అమ్మ చూస్తుంది. మూడు వారాలుగా ఆమె మనసులో ఉన్న అనుమానమేదో సడలినట్టు, "ఇయ్యాల పని గట్టిగా ఉన్నట్టుంది, నీళ్ళు కాస్తానుండు" అంటుంది. నాన్న తన కాళ్ళకేసి చూసుకుంటాడు. తర్వాత సింహాద్రి కేసి.

పిల్లవాడు నాన్నను కాపాడాననుకున్నాడు. చేసింది మాత్రం అబద్ధానికి సాక్ష్యం తయారుచేయడం. అది అతనికి తెలియదు, నాన్నకు తెలుసు. ఈ ఘట్టం 1,500 మాటల దగ్గర వస్తే మిగిలిన 300 మాటల్లో నాన్న ఏం చేస్తాడన్నది మీ ఇష్టం. ఆ రాత్రే నిజం చెప్పించొచ్చు, మర్నాడు క్యారేజీ పట్టుకోకుండా బయల్దేరనివ్వొచ్చు. ఏది రాసినా "సింహాద్రి కలకు అర్థం అదీ" అని ఎవరి చేతా అనిపించకండి. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూస్తూ "ఇప్పుడు తెలుస్తోంది" అనే చివరి పేరా మన బాల్య కథలకు పట్టిన పెద్ద జబ్బు. అంతకుముందు 1,700 మాటలు చేసిన పనిని అది తుడిచేస్తుంది.

మంచి కల ఎప్పుడు?

నష్టం ఇంకా దాచి ఉంటే పీడకల, నష్టం జరిగిపోయి అందరికీ తెలిసి ఉంటే మంచి కల. పోయినది కలలో మామూలుగా ఉంటుంది, నొప్పి అంతా మెలకువలో ఉంటుంది. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడు, విశాఖ దగ్గర తీరం దాటింది. ఊళ్ళో చెట్లు విపరీతంగా కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఎంవీపీ కాలనీలో తొమ్మిదేళ్ళ పిల్ల. ఆమె కలలో కిటికీ బయట బాదం చెట్టు ఎప్పటిలాగే ఉంది, కింద అక్క ముగ్గు వేస్తోంది. మెలకువ వస్తుంది, ఎప్పుడూ పడని చోట కళ్ళమీద ఎండ పడుతోంది. ఇలాంటి కలకు 60 మాటలు చాలు, భయం పోగేయనక్కర్లేదు కాబట్టి. ఆ ఏడు దీపావళి అక్టోబరు 23న, అంటే తుఫానుకు 11 రోజులకే వచ్చింది. కథాకాలం సరిచేసుకోవడానికి ఇలాంటి తేదీలు దగ్గర పెట్టుకోండి.

నిజంగా జరిగిన విపత్తులతో జాగ్రత్త

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి కర్మాగారం నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి, ఊరు నిద్రలో ఉండగా, ఇళ్ళలోకి వచ్చింది. ఇలాంటి ఘటనలను పిల్లల కలలతో కలపాలనిపించడం సహజం. కల ముందు రాకూడదు, ఇది గట్టి నియమంగా పెట్టుకోండి. "ముందు రాత్రే కలలో కనిపించింది" అని రాస్తే ప్రాణాలు పోయిన ఘటన ఒక జోస్యానికి రుజువుగా దిగజారుతుంది. కల తర్వాతే రావాలి, వెంటనే కూడా కాదు. నెలల తర్వాత, ఏ పండు వాసనకో, వంటింట్లో గ్యాసు వాసనకో లేచి కూర్చునే పిల్ల. పడుకునే ముందు తలుపు గడియ తీసే ఉంచమని పట్టుబట్టే పిల్ల. అక్కడ కల లోపలి దృశ్యం అసలు అక్కర్లేదు, గడియ ఒక్కటీ చాలు. బాంబుల కథ మామ్మ నోట విన్న పిల్లవాడైతే తాను చూడని విమానాన్ని తనకు తెలిసిన వస్తువులతోనే కడతాడు: బీచ్‌లో చూసిన హెలికాప్టరు, పంకా రెక్కలు. చరిత్ర పుస్తకంలో ఉన్నట్టు కట్టడు.

యాస ఎంతవరకు?

మాటల్లో ఉత్తరాంధ్ర యాస ఉంచండి, కథనంలో వద్దు, కలలో మనుషులు మాట్లాడితే అక్కడా ఉంచండి. కల రాగానే అమ్మ గ్రాంథికంలోకి మారిపోవడం చాలా కథల్లో కనిపిస్తుంది. కలలో కూడా ఆవిడ "ఎవుడేసినాడు" అనే అంటుంది. ఒక వాక్యంలో రెండు యాస రూపాలకు మించితే బయటి జిల్లా పాఠకుడు తడబడతాడు.

చిత్తుప్రతి అయ్యాక

మొదటి పరీక్ష: కల పేరాను తీసేసి కథ చదవండి. సింహాద్రి చెప్పుల్లో నుసి ఎందుకు రుద్దాడో అర్థం కాకపోతే కల తన పని చేస్తోంది. అర్థమైతే కలను కొట్టేయండి, నిర్మొహమాటంగా.

రెండోది: కథ తెలియని ఒకరికి కలను మాత్రమే ఇచ్చి చదివించండి. "ఇది ఎవరి ఇల్లు, ఆ పిల్లవాడికెన్నేళ్ళు?" అని అడగండి. వన్ టౌన్ వాళ్ళు నుసి దగ్గరే ఊరు పట్టేస్తారు. మిగతావాళ్ళకు కనీసం వయసు అందాలి. అందకపోతే నామవాచకాలు మరీ సాధారణంగా ఉన్నాయని అర్థం. తర్వాత మొత్తం కథ ఇచ్చి, నాన్న ఏం దాస్తున్నాడో ఏ పేజీలో తెలిసిందని అడగండి. కలకు ముందే తెలిసిపోతే పాదాల దగ్గర మీరు ఎక్కువ చెప్పారు. చెప్పుల ఘట్టం తర్వాత కూడా తెలియకపోతే క్యారేజీలో మిగిలిన అన్నం లాంటి ఇంకో ఆనవాలు 700 మాటల దగ్గర కలపాలి. కలకు లోపల ఏమీ కలపొద్దు.

మూడోది కలం పట్టుకుని చేసేది. కలలో "భయం, చీకటి, శూన్యం, ఏదో, ఎవరో, ఎందుకో" అన్న మాటల కింద గీతలు గీయండి. ప్రతిదాని చోటా ముట్టుకోగల వస్తువు పెట్టండి, దొరకకపోతే వాక్యం తీసేయండి. "అట్టు"లు ఒకటికి మించకూడదు. ఆ తర్వాత పేరాను పైకి చదవండి. ఊపిరి తీసుకోవడానికి వాక్యం మధ్యలో ఆగాల్సి వస్తే ఆ వాక్యాన్ని రెండు చేయండి.

పేరు చివరన పెట్టండి. "కల", "పీడకల", "నల్లని అడుగులు" లాంటి పేర్లు కీలకాన్ని ముందే చేతికిచ్చేస్తాయి. ఈ కథకైతే "క్యారేజీ" బాగుంటుంది. అది మొదటి పేరాలోనూ ఉంటుంది, కలలో మేకుకు వేలాడుతూ కూడా ఉంటుంది, కానీ పాఠకుడి చూపును పాదాల మీదికి పోనివ్వదు.